సిల్వర్ స్ప్రింగ్‌లో ఇథియోపియా కిరాణా కొట్టు: శాకాహారులం ఏం కొనొచ్చు, ఏం తినొచ్చు?

కోనసీమ_కోడలు | శనివారం మధ్యాహ్నం

అందరికీ నమస్తే. మేం ఈమధ్యే మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌కి మారాం. ఉన్నది ఒక్క కారు, అది పొద్దున్నే మావారితో ఆఫీసుకి పోతుంది. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాలంటే వారాంతం దాకా ఆగాల్సిందే. అయితే జార్జియా ఎవెన్యూ వైపు కాస్త నడిస్తే చాలు, ఇథియోపియా వాళ్ళ కొట్లు కనిపిస్తాయి. నిన్న ఒకదాంట్లోకి వెళ్ళాను. ముందు వైపు పప్పులు, కారప్పొడులు, పచ్చి కాఫీ గింజలు. ఓ పక్కన నాలుగు బల్లలేసి భోజనం పెడుతున్నారు. వెనక మాంసం కౌంటరు. గల్లా పక్కన కంచం కన్నా పెద్ద అట్లు మడతపెట్టి, కవర్లలో వేసి గుట్టగా పేర్చారు. సగం ప్యాకెట్ల మీద అమ్హారిక్ లిపే. ఎర్రపప్పు మాత్రం గుర్తుపట్టి కొనుక్కొచ్చాను.

కార్తీక మాసంలో మా అత్తగారు అమలాపురం నుంచి వస్తున్నారు. గుడ్డు కూడా ముట్టరు. అక్కడ మాకు పనికొచ్చే సరుకులేంటి? ఆ బల్లల దగ్గర కూర్చుని శాకాహారం తినొచ్చా? ఏమని అడగాలి? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

డల్లాస్_బుల్లోడు | శనివారం మధ్యాహ్నం

అక్కా, ఆ అట్టే ఇంజెరా. టెఫ్ అనే సన్న గింజ పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, ఒక వైపే కాలుస్తారు. పైన కళ్ళు కళ్ళుగా ఉంటుంది కదా, కూరలో పులుసంతా ఆ కన్నాల్లోకే దిగుతుంది. మొదటిసారి పులుపు ఎక్కువనిపిస్తుంది. మా ఇంట్లో పులిసిన పిండి అట్టు ఇష్టపడేవాళ్ళకి వెంటనే నచ్చింది, మిగతావాళ్ళు మొహం చిట్లించారు. ఇక్కడ ఈ కొట్లు గార్లండ్, రిచర్డ్‌సన్ వైపు ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి అంత దూరం ఎవరు పోతారని మావాళ్ళ గోల. నడక దూరంలో ఉందంటే మీ పని హాయి.

హెర్న్‌డన్_హరి | శనివారం సాయంత్రం

ఎందుకండీ ఈ తిప్పలు? వెనక బీఫ్ కొడుతుంటే ముందు కూర్చుని పప్పు తినాలా? అత్తగారికి తెలిస్తే మర్నాడే తిరుగు టికెట్ అడుగుతారు. ఇప్పుడు ఇండియన్ సరుకులు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి కదా.

గోండర్_మాస్టారు | శనివారం రాత్రి

అమ్మా, నేను ఇథియోపియాలోని గోండర్ యూనివర్సిటీలో కొన్నేళ్ళు లెక్కలు చెప్పాను. 2000 తర్వాత అక్కడ కొత్త విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు మన తెలుగు లెక్చరర్లు చాలామంది వెళ్ళారు. గోండర్, బహిర్ దార్, జిమ్మా, మెకెలె, ఎక్కడ చూసినా మనవాళ్ళు తగిలేవారు. నేను పక్కా శాకాహారిని. ఆ దేశంలో తిండికి ఇబ్బంది పడలేదు. కారణం వాళ్ళ ఉపవాసాలు.

ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసమే కాదు, పాలు, నెయ్యి, గుడ్డు కూడా తినరు. ఈస్టర్ తర్వాతి 50 రోజులకు మాత్రం ఈ నియమం లేదు. ఈస్టర్ ముందు 55 రోజుల పెద్ద ఉపవాసం వేరే ఉంటుంది. అందుకని ప్రతి హోటల్లో ఉపవాసం వంట విడిగా ఉంటుంది. దాన్ని 'యెత్సోమ్' అంటారు. మీరు 'వెజిటేరియన్' అంటే నెయ్యి వేసిందో, ఒక్కోసారి చేపో తెచ్చిపెట్టొచ్చు. 'యెత్సోమ్ బెయైనెతు' అని అడగండి. పెద్ద ఇంజెరా పరిచి, దాని మీద ఎర్రపప్పు కూర (మిసిర్ వత్), పసుపు వేసిన బఠాణీ పప్పు (కిక్ అలిచా), ఆకుకూర (గొమెన్), క్యాబేజీ క్యారెట్ బంగాళదుంప కలిపిన కూర, షిరో, కొంచెం టమాటా ముక్కలు కుప్పలు కుప్పలుగా పెడతారు. బుధ, శుక్రవారాల్లో వెళ్తే అన్ని రకాలూ దొరుకుతాయి, వేడిగా ఉంటాయి. మిగతా రోజుల్లో నాలుగు రకాలతో సరిపెడతారు.

రెండు జాగ్రత్తలు. షిరో మామూలుగా శనగల పిండితో చేసేదే, కానీ 'బొజెనా షిరో' అంటే అందులో మాంసం ముక్కలుంటాయి. సంబుసా చూస్తే మన సమోసాలాగే ఉంటుంది. పప్పుదీ ఉంటుంది, బీఫ్‌దీ ఉంటుంది, రెండూ ఒకే అద్దాల పెట్టెలో ఉంటాయి. అడక్కుండా చేయి పెట్టకండి.

హరి గారు అడిగింది సబబే. ఇంజెరా కాల్చే పెనం మీద మాంసం వండరు. కూరలు మాత్రం అదే వంటింట్లో చేస్తారు. అది పట్టింపు ఉన్నవాళ్ళు సరుకులు కొనుక్కుని ఇంట్లో వండుకోవడమే మంచిది.

హెర్న్‌డన్_హరి | శనివారం రాత్రి

నేనూ అదే అంటున్నా మాస్టారూ. ఇంట్లో వండుకునేదానికి ఇండియన్ స్టోరే చాలు కదా.

పోపులపెట్టె | ఆదివారం ఉదయం

హరి గారూ, అన్నీ ఇండియన్ స్టోర్‌లో దొరకవు. దొరికేవాటిలో కూడా కొన్ని ఇక్కడ మేలు. నేను అలెగ్జాండ్రియాలో ఉంటాను, బెయిలీస్ క్రాస్‌రోడ్స్ దగ్గరి కొట్లకి తరచూ వెళ్తాను.

కోడలు గారూ, ప్యాకెట్ల పేర్లు ఇలా గుర్తుపెట్టుకోండి. అబిష్ అంటే మెంతులు, దింబిలాల్ ధనియాలు, ఇర్ద్ పసుపు, తెల్బా అవిసె గింజలు. తికుర్ అజ్ముద్ అంటే మన కలోంజీ. నెచ్ అజ్ముద్ మాత్రం జీలకర్ర కాదు, వాము. మా పక్కింటావిడ జీలకర్ర అనుకుని పప్పులో పోపు పెట్టేసింది. తిమిజ్ అనేది పిప్పళ్ళ జాతి, కాస్త పొగ వాసనొస్తుంది. చారులో మిరియాలతో పాటు ఒకటి నలిపి వేసి చూడండి.

మన దగ్గర లేనిది కొరెరిమా. ఇథియోపియా యాలక అంటారు. కాయ మన ఏలక్కాయ కన్నా చాలా పెద్దది, ముడతలు పడి గోధుమ రంగులో ఉంటుంది. పొడి కొనకండి, కాయే కొనండి. పైతోలు తీసి లోపలి గింజలు దంచుకోవాలి. ఘాటు తక్కువ, వాసన మాత్రం గదంతా ఉంటుంది. నేను పాయసంలో వేశాను, బాలేదు. పులావులో, కాఫీలో బ్రహ్మాండం.

ఇక బెర్బెరే. ఎర్రటి పొడి చూసి మన కారం బదులు వాడేస్తారేమో, వద్దు. అందులో మిరపకాయతో పాటు వెల్లుల్లి, అల్లం, కొరెరిమా, వాము, మెంతులు, తులసి లాంటి బెసొబిలా ఆకు అన్నీ కలిసి ఉంటాయి. కొన్నిటిలో ఉప్పు కూడా. ఆవకాయలో వేస్తే అంతే సంగతులు! మిత్మిత ఇంకా మంట, చిన్న మిరపకాయలది, దాన్ని పచ్చిగా పైన చల్లుకుంటారు. గుంటూరు కారం అలవాటున్నవాళ్ళకి బెర్బెరే మంటే కాదు, మిత్మితతో మాత్రం పరాచికాలొద్దు.

రాగిజావ_రాంబాబు | ఆదివారం ఉదయం

టెఫ్ సూపర్ ఫుడ్, షుగర్ తగ్గిపోతుంది, కాల్షియం కుప్పలు అని వాట్సాప్‌లో వస్తోంది కదా, అది నిజమేనా? మా నాన్నగారికి షుగర్ ఉంది, పిండి కొందామనుకుంటున్నా.

సియాటిల్_సుధ | ఆదివారం మధ్యాహ్నం

రాంబాబు గారూ, టెఫ్ మంచి గింజే, కాదనను. 100 గ్రాముల టెఫ్‌లో ప్రోటీన్ 13 గ్రాముల దాకా ఉంటుంది, రాగుల్లో 7. ఐరన్ కూడా టెఫ్‌లోనే ఎక్కువ. కానీ కాల్షియం విషయానికొస్తే మన రాగులదే పైచేయి: రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన, టెఫ్‌లో 180 దగ్గర. షుగర్ తగ్గించే మందు మాత్రం కాదు. ఒక ఇంజెరా అర మీటరు వెడల్పుంటుంది, ఒకటి మొత్తం లాగించి 'మిల్లెట్ తిన్నాను' అనుకుంటే ఎలా?

నాకు అసలు సంగతి వేరే. మా అబ్బాయికి సీలియాక్. గోధుమ, బార్లీ తగలకూడదు. టెఫ్‌లో గ్లూటెన్ లేదన్న ధైర్యంతో ఇంజెరా కొనబోయి లేబుల్ చదివితే బార్లీ, గోధుమ పిండి ఉన్నాయి. అమెరికాలో అమ్మే ఇంజెరాలో చాలావాటికి ఇలాగే కలుపుతారు. టెఫ్ ఖరీదు ఎక్కువ, పైగా గోధుమ కలిస్తే మెత్తగా, తెల్లగా వస్తుంది. ఇందులో మోసమేం లేదు, వాళ్ళకది మామూలే. గ్లూటెన్ పడనివాళ్ళు '100 శాతం టెఫ్' అని రాసింది చూసుకుని, అది ఎక్కడ కాలుస్తారో కూడా కనుక్కోండి. మేం పిండి కొనుక్కుని ఇంట్లోనే పోసుకుంటున్నాం.

వరంగల్_వనజ | ఆదివారం సాయంత్రం

సుధక్కా, ఇంట్లో ఎట్ల పోస్తవ్? నేను ట్రై చేస్తే పెనానికి అతుక్కుపోయింది. కన్నాలు కూడ రాలె.

సియాటిల్_సుధ | ఆదివారం రాత్రి

వనజా, నాన్‌స్టిక్ పెనం, దానికి గట్టిగా కూర్చునే మూత కావాలి. టెఫ్ పిండి, నీళ్ళు కలిపి మూడు రోజులు ఉంచితే పైన పసుపు రంగు నీళ్ళు తేరుకుంటాయి. దాన్ని ఎర్షో అంటారు, తర్వాతి పిండికి అదే తోడు. మిగతాది వంపేసి, ఒక గరిటె పిండిని నీళ్ళలో గంజిలా ఉడికించి మళ్ళీ పిండిలో కలపాలి. చాలామంది వదిలేసేది ఇదే. గంజి కలిపాక పిండి మళ్ళీ పొంగాలి, అప్పుడే పోయాలి. నూనె వద్దు. అంచు నుంచి మధ్యకి గుండ్రంగా పోసి, కన్నాలు విచ్చుకున్నాక మూత పెట్టాలి. తిరగెయ్యకూడదు. ఆరాక తీస్తే అతుక్కోదు.

అంత ఓపిక లేని రోజుల్లో మామూలు దోసెల పిండిలో పావు వంతు టెఫ్ పిండి కలిపి పోసేస్తాను. రాగి దోసె రంగులో వస్తుంది, పిల్లలు ఏమీ అనరు.

వరంగల్_వనజ | ఆదివారం రాత్రి

గంజి సంగతి ఎవ్వరు చెప్పలే! థాంక్స్ అక్కా.

ఎల్ఏ_లక్ష్మణ్ | ఆదివారం రాత్రి

మా ఊళ్ళో ఫెయిర్‌ఫాక్స్ ఎవెన్యూ మీద లిటిల్ ఇథియోపియా అని ఒక వీధే ఉంది. 2002లో నగరపాలక సంస్థ ఆ పేరు అధికారికంగా పెట్టింది. ఫెయిర్‌ఫాక్స్ అనగానే వర్జీనియా వాళ్ళు మాది అంటారు, కాదు బాబూ, ఇది లాస్ ఏంజెలెస్. మా వీధిలో రెస్టారెంట్లే ఎక్కువ. మీ వైపులాగా కిరాణా, మాంసం కౌంటరు, భోజనం ఒకే కప్పు కింద ఉండే కొట్లు తక్కువ. వాషింగ్టన్ చుట్టుపక్కల అవి అన్ని ఎలా వచ్చాయో ఎవరికైనా తెలుసా?

పోపులపెట్టె | సోమవారం ఉదయం

మా దగ్గర కొట్టు నడిపే పెద్దాయన చెప్పినది, నేను చదివినది కలిపి చెప్తాను. 1974లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దించి సైనిక ప్రభుత్వం వచ్చింది. ఆ తర్వాత రక్తపాతం, కరువు. అప్పటికే వాషింగ్టన్‌లో చదువుకుంటున్న ఇథియోపియా విద్యార్థులు ఇక్కడే ఉండిపోయారు. 1980 శరణార్థుల చట్టం తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. మొదట ఆడమ్స్ మోర్గన్‌లో 18వ వీధిలో హోటళ్ళు పెట్టారు. అద్దెలు పెరిగాక యూ స్ట్రీట్ వైపు జరిగారు. అక్కడా పెరిగితే సిల్వర్ స్ప్రింగ్‌కి, మా అలెగ్జాండ్రియాకి వచ్చారు. మనవాళ్ళు ఐటీ పార్కులు ఎక్కడుంటే అక్కడ చేరాం, వాళ్ళు అద్దె ఎక్కడ తక్కువుంటే అక్కడ. అందుకే మన స్టోర్లు హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు, వాళ్ళవి బస్సు రూట్ల మీద. కారు లేని కోడలు గారికి ఏది దగ్గరో దీన్నిబట్టే తేలిపోయింది.

మొదట వచ్చినవాళ్ళకి టెఫ్ దొరికేది కాదు. సెల్ఫ్ రైజింగ్ మైదాలో సోడా నీళ్ళు కలిపి ఇంజెరా పోసుకునేవాళ్ళట. తర్వాత వేన్ కార్ల్‌సన్ అనే అమెరికన్ ఐడాహోలో టెఫ్ పండించడం మొదలెట్టాడు. ఆయన అంతకుముందు ఇథియోపియాలో పనిచేసినవాడు. కొట్లో 'మాస్కల్' పేరుతో కనిపించే పిండి వాళ్ళదే. 2006లో ఇథియోపియా ప్రభుత్వం టెఫ్ గింజ, పిండి ఎగుమతులు ఆపేసింది, దేశంలో ధర పెరిగిపోతుందని. 2015లో కొంత సడలించారు. చేసిన ఇంజెరా పంపడానికి మాత్రం అడ్డు లేదు. అడిస్ అబాబా నుంచి మా వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగే విమానంలో ఇంజెరా కూడా వస్తుంది. ఇక్కడ కాల్చినదానికీ దానికీ తేడా ఉంది, అక్కడిది ఎక్కువ పులుపు, పలచన. ఏది ఎక్కడిదని గల్లా దగ్గర అడిగితే చెప్తారు.

పాడేరు_పిల్ల | సోమవారం మధ్యాహ్నం

నాదొక డౌటు. మా దగ్గరి ఇథియోపియా కొట్లో 'నుగ్' అని నల్లటి సన్న గింజలు చూశాను. అచ్చం మా వలిసెల్లాగే ఉన్నాయి. అవేనా?

గోండర్_మాస్టారు | సోమవారం సాయంత్రం

అవే తల్లీ. వెర్రి నువ్వులు అని కూడా అంటారు కదా. నవంబరు, డిసెంబరుల్లో అరకులో మనవాళ్ళు ఫొటోలు దిగే పసుపు పూల తోటలు దీనివే. ఆ మొక్క పుట్టిల్లే ఇథియోపియా. గోండర్ చుట్టూ కొండల మీద ఆ పూలు చూసినప్పుడు మాతో పనిచేసిన విశాఖ లెక్చరర్ కాసేపు మాట్లాడలేదు. అక్కడ దీనితో వంటనూనె తీస్తారు. ఉపవాసం రోజుల్లో నుగ్ వేయించి, నూరి, వడకట్టి ఆ పాలలో ఇంజెరా ముక్కలు కలుపుకు తింటారు. కుసుమలతో, అవిసెలతో కూడా అలాగే చేస్తారు. మన రాగులు కూడా ఆ ఎత్తైన ప్రాంతాల నుంచి వేల ఏళ్ళ కిందట ఇటు వచ్చినవే. అక్కడ వాటిని దగుసా అంటారు.

పాడేరు_పిల్ల | సోమవారం రాత్రి

మా అమ్మమ్మ వలిసెల పొడి చేసేది, ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేసి. అమెరికాలో నాకు పక్షుల దాణాలో తప్ప ఎక్కడా కనిపించలేదు. రేపే వెళ్తాను.

సియాటిల్_సుధ | సోమవారం రాత్రి

దాణా సంచిలోవి వాడకండి బాబూ. కలుపు మొలవకుండా వాటిని దిగుమతిలోనే బాగా వేడి చేస్తారు, పైగా తినడానికని శుభ్రం చేసినవి కావు. కొట్లోవే కొనండి.

డల్లాస్_బుల్లోడు | మంగళవారం ఉదయం

కాఫీ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నేను ఆ కొట్టుకి వెళ్ళేదే దానికోసం. పచ్చి గింజలు యిర్గచెఫె, సిదామో, హరార్ అని రకరకాల సంచుల్లో ఉంటాయి. యిర్గచెఫె పూల వాసన, కాస్త పులుపు. హరార్ గింజని పండుతో సహా ఎండబెడతారు, అది బరువుగా, ద్రాక్ష పండు వాసనతో ఉంటుంది. ఇనప మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ వేయిస్తే పావుగంట పని. కిటికీ తీసిపెట్టుకోండి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ రుచి కావాలంటే మాత్రం ఇందులో రాదు.

శనివారాలు కొన్ని కొట్లలో కాఫీ కాచి పోస్తారు. అక్కడే గింజలు వేయించి, ఆ పొగ అందరి ముందుకీ తెచ్చి వాసన చూపిస్తారు. మట్టి కూజాలాంటి జెబెనాలో కాస్తారు. అబోల్, తోన, బరకా అని మూడు విడతలు, ఒక్కో విడతకి పలచబడుతుంది. పక్కన పాప్‌కార్న్, వేయించిన బార్లీ. సాంబ్రాణి పొగ వేస్తారు. మూడోది తాగకుండా లేస్తే బాగోదు, కాబట్టి తొందర ఉంటే కూర్చోకండి.

హెర్న్‌డన్_హరి | మంగళవారం మధ్యాహ్నం

పచ్చి గింజలు ఎన్నాళ్ళు నిలవుంటాయి బ్రో?

డల్లాస్_బుల్లోడు | మంగళవారం మధ్యాహ్నం

తేమ తగలకపోతే నెలల తరబడి ఉంటాయి అన్నా. వేయించాక మాత్రం వారం పది రోజుల్లో వాడేయాలి.

కోనసీమ_కోడలు | శుక్రవారం రాత్రి

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇవాళ మధ్యాహ్నం వెళ్ళాను. 'యెత్సోమ్' అనగానే గల్లా దగ్గరి ఆవిడ మొహం వెలిగిపోయింది. మీరూ ఉపవాసమా అని అడిగింది. మేం ఎప్పుడూ మాంసం తినం అంటే నమ్మలేక పక్కావిణ్ణి పిలిచి చెప్పింది. మిసిర్ వత్ చాలా నచ్చింది. అది ఇంట్లో ఎలా చేయాలి? ఎర్రపప్పులో బెర్బెరే వేసి ఉడికిస్తే ఆ రుచి రాలేదు.

ఇంకొకటి, ఆ పళ్ళెం ఇద్దరికి ఒకటే పెట్టారు. పక్క బల్ల మీద నలుగురు ఒకే పళ్ళెంలోంచి తింటూ, ఒకరి నోట్లో ఒకరు ముద్దలు పెట్టుకుంటున్నారు. మా అత్తగారికి ఎంగిలి పట్టింపు గట్టిగా ఉంది. విడి పళ్ళెం అడిగితే ఏమైనా అనుకుంటారా?

పోపులపెట్టె | శుక్రవారం రాత్రి

ఏమీ అనుకోరు. ఒక్కరికి ఒక పళ్ళెం అంటే అలాగే ఇస్తారు, ఒంటరిగా వచ్చి తినేవాళ్ళు బోలెడుమంది. ఆ ముద్ద పెట్టడం గుర్షా, ఆప్యాయతతో పెడతారు. ఎవరైనా అత్తగారికి పెట్టబోతే మీరు మధ్యలోకి వచ్చి మీ నోట్లో పెట్టించుకోండి, గొడవ వదిలిపోతుంది. కుడిచేత్తో తినాలి, అది మనకి చెప్పక్కర్లేదు. అయితే వాళ్ళు వేళ్ళకి కూర అంటకుండా ఇంజెరా ముక్కతో పట్టి తింటారు. అరచెయ్యంతా కలుపుకుంటే వింతగా చూస్తారు.

మిసిర్ వత్ రుచంతా ఉల్లిపాయలో ఉంది. పావుకిలో పప్పుకి పెద్ద ఎర్ర ఉల్లిపాయలు మూడైనా కావాలి. మిక్సీలో వేయకుండా చాలా సన్నగా తరగండి. మందపాటి గిన్నెలో నూనె లేకుండా, సన్న సెగ మీద కలుపుతూ మగ్గించాలి. అడుగంటుతుందనిపిస్తే చెంచాడు నీళ్ళు చిలకరించండి. అరగంట పైనే పడుతుంది. పచ్చివాసన పూర్తిగా పోయి ముద్దయ్యాక అప్పుడు నూనె, మనం వేసేదానికి రెట్టింపు. తర్వాత రెండు మూడు చెంచాల బెర్బెరే వేసి ఇంకో పది నిమిషాలు, మాడకుండా నీళ్ళు చిలకరిస్తూ. వెల్లుల్లి, అల్లం. ఆ తర్వాతే కడిగిన పప్పు, వేడినీళ్ళు. దించే ముందు మెకెలెషా అని వాళ్ళ గరం మసాలా లాంటిది చిటికెడు. పోపు ఉండదు. ఆవాలు, కరివేపాకు వేయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

సియాటిల్_సుధ | శనివారం ఉదయం

మిగిలిన ఇంజెరా ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి విరుగుతుంది, బయట ఉంచితే మూడో రోజుకి బూజు. కొన్న రోజే మధ్యలో కాగితం వేసి మడిచి ఫ్రీజర్‌లో పెట్టేయండి. తడిగుడ్డ చుట్టి మైక్రోవేవ్‌లో అర నిమిషం పెడితే మళ్ళీ మెత్తబడుతుంది. ఎండిపోయిన ముక్కలు పారేయొద్దు, మిసిర్ వత్ కాస్త జారుగా చేసి అందులో కలిపితే ఫిర్‌ఫిర్. మన చపాతీ ఉప్మా తినేవాళ్ళకి బాగా నచ్చుతుంది.

వరంగల్_వనజ | శనివారం ఉదయం

షిరో పొడి కూడ తెచ్చుకో చెల్లే. తొందర వంట కావాలంటే దాన్ని మించింది లేదు. ఉల్లిగడ్డ వేయించి, నీళ్ళు మరిగించి, పొడి ఉండలు కట్టకుండ కలిపితే పది నిమిషాల్లో అయిపోతది. మస్తు చిందుతది, మూత దగ్గర పెట్టుకో. 'మితిన్' అని ఉంటే మసాలా కలిపింది, 'నెచ్' అని ఉంటే సాదాది. అన్నంలోకి కూడ బాగుంటది.

కోనసీమ_కోడలు | శనివారం మధ్యాహ్నం

ఇప్పుడే గుర్తొచ్చింది, అత్తగారు కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మరి అవి లేకుండా అక్కడ ఏమైనా ఉంటుందా?

గోండర్_మాస్టారు | శనివారం సాయంత్రం

కూరల్లో ఉండదమ్మా, ఆశ వదులుకోండి. కిక్ అలిచా దగ్గర్నుంచి టమాటా సలాడ్ దాకా అన్నిట్లో ఉల్లి ఉంటుంది. బెర్బెరే, షిరో పొడుల్లో కూడా సాధారణంగా వెల్లుల్లి ఉంటుంది. కార్తీకంలో సరుకులకే వెళ్ళండి: పప్పులు, అవిసెలు, టెఫ్ పిండి, కాఫీ. తినడానికైతే కొలో, అంటే వేయించిన బార్లీ, శనగలు. ఆవిడకి పళ్ళు గట్టిగా ఉంటేనే సుమా.

మాసం అయ్యాక వాళ్ళ కొట్లో కూర్చోబెట్టండి. వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న. దానికి ముందు ఉపవాసం నవంబరు 25న మొదలవుతుంది. అప్పుడిక బుధ, శుక్రవారాల కోసం చూడక్కర్లేదు, పండగ దాకా రోజూ యెత్సోమ్ వండుతారు. పండగ ముందు రెండు మూడు రోజులు మాత్రం వెళ్ళొద్దు. కోళ్ళకీ మాంసానికీ వచ్చిన జనంతో కౌంటరు నిండిపోయి ఉంటుంది, ఆవిడకి నిలబడే చోటు కూడా దొరకదు.

కోనసీమ_కోడలు | శనివారం రాత్రి

అర్థమైంది మాస్టారూ. నవంబరు ఆఖర్లో తీసుకెళ్తాను. ఈలోపు కొరెరిమా, షిరో నేను తెచ్చుకుంటాను.

పోపులపెట్టె | శనివారం రాత్రి

కొరెరిమా కొనేటప్పుడు కాయ ఊపి చూడండి. లోపల గింజలు గలగలలాడితే మరీ పాతది.